కృష్ణాతీరపు చిన్న పట్టణములు - చరిత్రరచన

పూర్వపు నల్లగొండ, మహబూబునగర జిల్లాల దక్షిణపుటంచున కృష్ణా తుంగభద్రల యొడ్డున ఆలంపురము, కూడవెల్లి, జటప్రోలు, సోమశిల, ఏలేశ్వరము, వాడపల్లి మున్నగు ప్రాచీనస్థలములు వెలసినవి. వీనిని గూర్చిన రచనలు తక్కువ కావు. కాని వానిని వరుసగా చదివినవారికి ఒక సందేహము కలుగక మానదు. ఇవి నదీతీరపు టూళ్లుగదా, వీని చరిత్రలో నది యెక్కడ?

ఇంతవరకు వచ్చిన రచనలు ప్రధానముగా రెండు మార్గములు పట్టినవి. స్థలమాహాత్మ్యములు దేవుడు వెలసిన విధమును చెప్పును. రాజవంశచరిత్రలు ఏ రాజు ఏ గుడికి ఏమి యిచ్చెనో చెప్పును. ఆలంపురమునే చూతము. బాదామి చాళుక్యులనాటి నవబ్రహ్మాలయముల కాలము, శిఖరముల రీతి, శాసనముల పాఠము పండితులచే శ్రద్ధతో చర్చింపబడినవి. ఆ కృషిని మేము తక్కువ చేయుట లేదు. అది లేనిచో కాలనిర్ణయమే లేదు. కాని ఆలంపురము శ్రీశైలమునకు పశ్చిమద్వారమని చెప్పి ఊరకుండుట చాలదు. ద్వారమున్నచో దారియుండవలెను. ఆ దారిని నడచినవారెవరు? నదిని ఎచ్చట దాటిరి? దాటించినవారెవరు? ఈ ప్రశ్నలు తరచుగా విడువబడినవి.

అమెరికా మధ్యపడమటి ప్రాంతపు నదీపట్టణములను గూర్చి వ్రాయువారికి రేవే మొదటి ప్రకరణము. 1883 లో వెలువడిన 'లైఫ్ ఆన్ ది మిసిసిపీ' యను గ్రంథమున మార్క్ ట్వేన్ తాను పెరిగిన హానిబల్ పట్టణమును పొగయోడ రాకతో మేల్కొను ఊరుగా చిత్రించెను. అయితే ఆ మాదిరిని మనము యథాతథముగా గ్రహింపరాదు. మిసిసిపీ సరకును ప్రవాహము వెంబడి మోసిన నది. మన కృష్ణ యీ భాగమున బండలనడుమ, నల్లమల లోయలలో పారును. దూరపు ఓడప్రయాణమునకు అనువైనది కాదు. ఇచ్చటి యూరు నది వెంబడి గాక నదికి అడ్డముగా బ్రదికినది. పుట్టి, బల్లకట్టు, వేసవిలో కాలినడకదారి - ఇవియే దాని యాధారములు. కావున ఒకదరి యూరిని ఎదుటిదరితో కలిపి చదువనిదే అర్థము కాదు.

ఈ జంటచదువునకు రాజకీయచరిత్ర అడ్డు వచ్చినది. 1800 లో దత్తమండలములు ఆంగ్లేయుల పరమైన పిమ్మట తుంగభద్రా కృష్ణలు ఇరురాజ్యములకు సరిహద్దులైనవి. ఉత్తరపుదరి నిజాము రాజ్యచరిత్రలోను, దక్షిణపుదరి మద్రాసు రాజధానీచరిత్రలోను చేరిపోయినవి. నాగార్జునకొండ విజయపురి జగత్ప్రసిద్ధము. దాని కెదుటి దరినున్న ఏలేశ్వరపు త్రవ్వకములను గూర్చి అబ్దుల్ వహీద్ ఖాన్ 1963 లో గ్రంథము వెలువరించెను. ఈ రెండింటిని ఒకే నదీమార్గమునకు ఇరుదరులుగా పరిశీలింపవలసియున్నది.

దీని ఫలితము కేవలము గ్రంథములకే పరిమితము కాలేదు. 1967 లో నాగార్జునసాగరమునకు నీరు చేరెను. 1981 లో శ్రీశైలజలాశయముకొరకు కర్నూలు, మహబూబునగర జిల్లాల గ్రామములు అనేకము ఖాళీ చేయింపబడినవి. అప్పుడు ఆలయములను రాతికి రాయి విప్పి మెట్టలకు చేర్చిరి. కూడవెల్లి సంగమేశ్వరాలయము నేడు ఆలంపురమున నున్నది. దాని పేరున సంగమమున్నది గాని చెంత సంగమము లేదు. ఆలయరక్షణ ప్రశంసనీయమే. కాని చరిత్రకారులు ఊరనగా గుడియని వ్రాసినందున, తరలింపవలసినది గుడియేయని లోకము నమ్మినది. సంతవీథిని, రేవును, పుట్టివారి వాడను తరలించుట అసాధ్యమే కావచ్చును. వర్ణించి వ్రాసియుంచుట అసాధ్యము కాదుగదా! ఈ లోపము ఆనకట్ట కట్టినవారిది కాదు, మనది.

మార్గము చూపినవారు లేకపోలేదు. ఆలంపుర ప్రాంతీయుడేయైన సురవరము ప్రతాపరెడ్డి 1949 లో ప్రకటించిన 'ఆంధ్రుల సాంఘిక చరిత్ర' రాజుల వరుసను ప్రక్కకు నెట్టి, కావ్యములనుండి ప్రజల తిండిని, కట్టును, ఆటపాటలను వెలికితీసినది. ఆ దృష్టిని నదీతీరమునకు మరల్చిన చాలును. శాసనములలో దేవునికిచ్చిన భూమితోపాటు సుంకముల ప్రస్తావనను కూడ ఏరవలెను. రేవుల పేర్లు, దాటింపుకూలి, సంతకు దాటిన సరకు, ఇరుదరుల నడుమ జరిగిన పెండ్లిసంబంధములు - వీనిని పునరావాసగ్రామముల పెద్దలనుండి సేకరింపవలెను.

1981 లో ఇరువదియేండ్ల వయస్సున ఇల్లు విడిచినవారు నేడు అరువది దాటినవారు. శాసనము మరి కొంతకాలము వేచియుండగలదు, వారు వేచియుండలేరు. మా విద్యార్థులు రాబోవు వేసవి సెలవులలో మొదట పోవలసినది ఆ గ్రామములకే.