జముకు పలుకు

ఉత్తరాంధ్ర పల్లెలలో గ్రామదేవతకు సంబరము జరిగెడి రాత్రి, ఘటములు ఊరేగి, మ్రొక్కుబడులు తీరి, పసిపిల్లలు తల్లుల ఒళ్ళలో నిద్రకు ఒరిగిన పిదప, మిగిలిన జనము కథకొరకు సర్దుకొని కూర్చున్న వేళ, కథకుడు గొంతు సవరించుకొనుటకు ముందే ఒక మ్రోత వినవచ్చును. అది క్రిందినుండి పైకి సాగును. పైకి పోయినది అక్కడ నిలువక తిరిగి జారును. మాటకును నాదమునకును నడుమ ఎక్కడనో తిరుగాడును. ఆ మ్రోత జముకుది. కొత్తమ్మతల్లి కొలువున్న కోటబొమ్మాళి మొదలుకొని టెక్కలి, పలాస ప్రాంతముల మీదుగా ఇటు బొబ్బిలి, విజయనగరముల వరకు ఇది చెవినబడనివారు అరుదు. దీనిని గూర్చి తెలిసి మాటాడెడివారు అంతకంటె అరుదు. తప్పెటగుళ్ళ వేగమును, తూర్పుభాగవతపు మద్దెల ధాటిని నోరార పొగడెడివారు సైతము జముకు దగ్గరకు వచ్చుసరికి, కథకు తోడుగా వాయించెడి వాద్యమని ఒక మాట అని సాగిపోవుదురు. ఆ ఒక్క మాటలో అన్యాయమున్నదని నాకు తోచును. ఈ వాద్యముతో చెప్పెడి జముకుల కథలో సగము కథ చెప్పెడిది జముకే.

వాద్యము చూచుటకు సామాన్యమైనది. ధాన్యము కొలిచెడి కుంచము వంటి కఱ్ఱ తొట్టి, కొన్నిచోట్ల ఇత్తడిది. దాని ఒక మూతికి సన్నని తోలు బిగించియుండును, రెండవ మూతి తెరచియుండును. తోలు నడుమ చిన్న రంధ్రము చేసి, దానిగుండ ఒక నరమును దూర్చి, తోలు చినుగకుండ వెలుపలివైపు చిన్న బిళ్ళ అడ్డుపెట్టి ముడివేయుదురు. నరము తొట్టి లోపలగా సాగి తెరచిన మూతినుండి బయటికి వచ్చి, పిడికిట పట్టుటకు అనువైన ఒక కఱ్ఱముక్కకు కట్టబడును. వాద్యకుడు తొట్టిని ఎడమ చంకలో ఇరికించుకొని, ఎడమచేతి పిడికిట ఆ కఱ్ఱముక్కను పట్టి నరమును లాగుచు సడలించుచు, కుడిచేతి పుల్లతో దానిని మీటును. మెట్లు లేవు, బిరడాలు లేవు, శ్రుతి కూర్చుకొనుటకు మరి ఏ సాధనమును లేదు. శ్రుతి యంతయు ఆ ఎడమ పిడికిలిలోనే ఉన్నది. పిడికిలి బిగిసిన నాదము ఎగయును, సడలిన దిగును. మీటిన తరువాత లాగినచో ఒక్క మీటుమీదనే నాదము మెట్టుమెట్టుగా గాక ఏకధారగా పైకి పోవును.

ఇందులో ఎంత కష్టమున్నదో వాయింపబూనినగాని తెలియదు. తంత్రి యొక్క నాదము దాని బిగువును బట్టి హెచ్చును గాని, బిగువు రెట్టింపైనంత మాత్రమున నాదము రెట్టింపు ఎత్తునకు పోదు; మంద్రషడ్జమునుండి మధ్యషడ్జమునకు, అనగా ఒక స్థాయి పైకి, పోవలెనన్న బిగువు నాలుగింతలు కావలెను. ఇది భౌతికశాస్త్రము చెప్పెడి మాట. వీణయందైనచో వ్రేలు తంత్రి సగమునకు జరిపిన చాలును, ఆ స్థాయి దొరకును. జముకు వాద్యకుడు ఆ దూరమునంతయు మణికట్టు బలముతో దాటవలెను. పైగా నరము లాగినప్పుడు తోలును లోనికి వంగును, అనగా తంత్రితోపాటు దానిని పలికించెడి పొరయు బిగుసుకొనుచుండును. రాత్రి ముదిరి మంచు పడిన కొలది తోలు మెత్తబడును. చర్మవాద్యములన్నిటికిని ఉన్న ఈ బాధకు అన్నిటికిని ఉన్న మందే, సెగ చూపుట. కాని వాయింపు నడుమ సెగకు తావెక్కడిది? అప్పుడు వాద్యకుడు సాయంకాలము పట్టిన పట్టు విడిచి, తోలు సడలిన మేరకు పిడికిలిని మరికొంత బిగించి, చెవి చెప్పిన చోటికి నాదమును తెచ్చుకొనును. కంటికి కనబడెడి గుర్తు ఒక్కటియు లేని ఈ వాద్యమున ఆ చోటు రాత్రి పొడుగునా తప్పకుండుట సామాన్యవిద్య కాదు.

ఇది తాళవాద్యమా, తంత్రీవాద్యమా అన్న ప్రశ్నకు పండితులు కూడ ఒక పట్టాన సమాధానము చెప్పుకొనలేకపోయిరి. 1914లో హార్న్‌బోస్టెల్, జాక్స్ అను ఇద్దరు విద్వాంసులు లోకములోని వాద్యములన్నిటిని వర్గీకరించినప్పుడు ఈ జాతి వాద్యములను మీటెడి మద్దెలలని చర్మవాద్యములలో చేర్చిరి. తరువాతివారు కొందరు నాదము పుట్టునది తంత్రియందే గనుక ఇది తంత్రీవాద్యమే యని వాదించిరి. మనవారు ఆ తగవులో తలదూర్చక హాయిగా వాయించుకొనుచు వచ్చిరి. తెలంగాణమున బైండ్లవారు జమిడిక పేరిట దీనితోనే ఎల్లమ్మ కథ చెప్పుదురు; కన్నడదేశమున ఎల్లమ్మ భక్తులు చౌడికె యని, వంగదేశమున బౌలు గాయకులు ఖమక్ అని దీని దాయాదులను మోయుచుందురు. దక్షిణాపథమున ఈ వాద్యము ఎల్లమ్మ పేరును విడువకపోవుట గమనింపదగినది.

జారుడు నాదమునందు మానవులకు ఇంత మోహమేల? కర్ణాటక సంగీతమునకు ప్రాణమైన గమకములలో జారు ఒకటి. స్వరమునుండి స్వరమునకు గంతు వేయక, నడుమ దారిని వినిపించుచు పోవుట దాని లక్షణము. 1919లో విజయనగరమున వెలసిన సంగీత కళాశాలకు ఆదిభట్ల నారాయణదాసుగారు అధ్యక్షులు, ద్వారం వేంకటస్వామినాయుడుగారు వాయులీనాచార్యులు. ఆ వాయులీనము, అనగా పాశ్చాత్యమైన ఫిడేలు, ఈ నేలమీద ఇంతగా చెల్లుటకు, మెట్లు లేని దాని పలకమీద వ్రేలు జారినంత మేర నాదమును జారుటయే ముఖ్యకారణము. తమిళదేశపు గోటువాద్యమున తంత్రులపై కఱ్ఱముక్క జరుపుదురు. హవాయి ద్వీపములలో గత శతాబ్దికి ముందటి శతాబ్ది చివర జోసెఫ్ కెకుకు అను యువకుడు గిటారు తంత్రులపై ఉక్కు ముక్కను జార్చి స్టీలు గిటారుకు దారితీసెననుట ప్రసిద్ధము. ఆ గిటారు అమెరికాకు పోయి టెక్సాసు నాట్యశాలలలో కుదురుకొని, మెక్సికో సరిహద్దు జనుల అకార్డియను పాటతోను, పిదప రాక్ సంగీతముతోను కలసి టెక్స్-మెక్స్ అన్న బాణీకి పూర్వరంగమైనది. ఆ బాణీకి పేరుమోసిన డగ్ సామ్ 1941లో శాన్ అంటోనియోలో పుట్టి, బాల్యముననే స్టీలు గిటారు వాయించి, పదకొండేండ్ల ప్రాయమున 1952లో అమెరికా గాయకుడు హాంక్ విలియమ్స్ సరసన వేదిక ఎక్కినవాడు.

ఇక్కడ నాకు ఆసక్తి కలిగించెడి విషయము వేరొకటి కలదు. ఆదికాలపు స్టీలు గిటారు ఉక్కు ముక్కను జరిపి తంత్రి పొడవును మార్చును; తరువాత వచ్చిన పెడల్ స్టీలు గిటారు కాలితో త్రొక్కిన మీట ద్వారా తంత్రి బిగువునే మార్చును. 1954లో వెలువడిన వెబ్ పియర్స్ ‘స్లోలీ’ అన్న పాటలో బడ్ ఐజాక్స్ నాదము మ్రోగుచుండగనే మీట త్రొక్కి దానిని వంచగా, అమెరికా వాద్యకులందరును తమ గిటారులకు మీటలు బిగించుకొనుటకు పరుగులెత్తిరట! మీటిన పిదప బిగువు మార్చి నాదమును వంచుట మన జముకు వాద్యకునికి నిత్యకృత్యము. అందుకు అతనికి కావలసినది ఒక్క పిడికిలి.

ఇక దళము సంగతి. బుర్రకథలో కథకుడు నడుమ నిలిచి తంబుర మీటుచు అందెలు మ్రోయించును. ఇరుప్రక్కల గుమ్మెటలతో ఇద్దరు వంతలుందురు, హాస్యమొకరిది, లోకవ్యవహారము మరొకరిది. అక్కడ తంబుర శ్రుతి కదలదు, కథయే కదలును. జముకుల దళమున సాధారణముగా ముగ్గురు. ముందు నిలిచి కథ నడుపువాడు ఒకడు, కాళ్ళకు గజ్జెలు కట్టి పాడుచు, ఆడుచు, పాత్రలను మార్చుచు ఉండును. వంత పాడి ఊకొట్టువాడు ఒకడు. జముకు పట్టినవాడు ఒకడు. ఈ మూడవవాని చోటు కథకునికి ఒక అడుగు వెనుక, ప్రక్కగా. అక్కడనుండి కథకుని పెదవియు, పాదమును రెండును కనబడవలెను. వంత ‘‘అయితే అప్పుడేటి సేసినాదంటావు?’’ అని అడుగును. కథకుడు బదులు చెప్పక ఒక్కక్షణము ఆగును. ఆ ఖాళీలో జముకు ప్రశ్నార్థకముగా పైకి లేచి నిలుచును. అప్పుడు గాని కథకుడు నోరు తెరువడు. వంతకు మాట ఉన్నది, కథకునికి మాట ఉన్నది; మాట లేని జముకే ఆ సంభాషణకు కాలము కొలుచుచున్నది.

మంచి వాద్యకుని చేయి ఎట్లుండునో ఒక కథాఘట్టమున చెప్పెదను. రేణుకాదేవి కథలో, తండ్రి ఆజ్ఞను తలదాల్చి పరశురాముడు తల్లిపై గొడ్డలి ఎత్తెడి చోటు. అంతవరకు దరువు ద్రుతగతిని సాగి, గజ్జెలును జముకును ఒకదాని నొకటి తరుముకొనుచు వచ్చినవి. గొడ్డలి లేచినది. అనుభవము చాలని వాద్యకుడైనచో ఇక్కడ ఉత్సాహము పట్టలేక మరింత గట్టిగా వాయించును. నేను వినిన పెద్దాయన వాయింపు ఆపివేసెను. కథకుని చేయి గాలిలోనే ఉన్నది, జనమునందు దగ్గు కూడ లేదు. చేయి దిగిన తరువాత, దిగుచున్నప్పుడు గాక దిగిన తరువాత, నరమును పూర్తిగా సడలించి ఒక్క మీటు మీటెను. అది నాదమనుటకు వీలులేనంత మందముగా తోలులో కదలినది. దానినే మెల్లమెల్లగా లాగి, తల్లి మూలుగు వంటిదానిని పైకి తెచ్చి, అది స్వరముగా స్థిరపడకముందే విడిచిపెట్టెను. ముందు వరుసలోని ముసలమ్మ యొకతె ‘‘ఓలమ్మో!’’ అని నోరు నొక్కుకొన్నది. కథకుడు ఆ ఘట్టమున ఏమి పాడెనో నాకు జ్ఞాపకము లేదు.

దేవీకథలకు పుట్టిన ఈ జముకుల కథ దేవీకథలతోనే ఆగలేదు. బాలనాగమ్మ కథను, కాంభోజరాజు కథను చెప్పుకొన్నది. బొడ్డపాడు దేవాలయమున అర్చకుడుగా ఉండిన సుబ్బారావు పాణిగ్రాహి, శ్రీకాకుళ గిరిజన రైతాంగ పోరాటమున జేరి, ఆ పోరాటమును జనమునకు వినిపించుటకు ఏరి తీసికొన్నది జముకుల కథనే. 1969 డిసెంబరులో అతడు పోలీసు కాల్పులలో మరణించెను. అతని రాజకీయముతో ఏకీభవింపనివారు కూడ ఆ ఎంపికలోని తెలివిని కాదనలేరు, ఏలయన బొడ్డపాడున్న ఉద్దానపు పల్లెలలో ఉపన్యాసమునకు లేచిపోయెడి జనము జముకు మ్రోగిన కూర్చుందురని అర్చకునికి తెలిసినట్లు మరి యెవనికి తెలియును? ఆ జనము మాటాడెడి మాటను అట్లే వ్రాయుమని జీవితమంతయు పోరిన గిడుగు రామమూర్తి పంతులుగారిదియు ఈ శ్రీకాకుళ జిల్లాయే. ఇట్టి విషయమును ఇట్టి గ్రాంథికచ్ఛాయలతో వ్రాయుచున్నందుకు వారు నాపై కోపింపకుందురుగాక.

ఇటీవల చలనచిత్రములు ఈ ప్రాంతపు పాటను వెదకికొని వచ్చుచున్నవి. 2020లో ‘పలాస 1978’, 2023లో ‘కోటబొమ్మాళి పి.ఎస్.’ వెలువడిన తరువాత శ్రీకాకుళపు యాస, బాణీ రాష్ట్రమంతట నోళ్ళలో నానినవి, సంతోషమే. కాని సినిమాపాట నాలుగు నిమిషముల వస్తువు. జముకు పని రాత్రి పొడుగునా కథతోపాటు పెరిగెడిది. నాలుగు నిమిషములలో దాని దరువు వినబడును గాని దాని మౌనము వినబడదు. పెండ్లి వేదికలకు, ప్రభుత్వ ఉత్సవములకు దళమును పిలిచి పదిహేను నిమిషములు కేటాయించెడివారిదియు ఇదే తప్పు. ఇంకొకటి కూడ చెప్పవలసియున్నది: టెక్సాసు టోర్నడోస్ అన్న టెక్స్-మెక్స్ దళమున పైన చెప్పిన డగ్ సామ్, ఆగీ మేయర్స్, ఫ్రెడ్డీ ఫెండర్, ఫ్లాకో హిమేనెజ్ అను నలుగురును సమానముగా ముందు వరుసవారై నిలిచిరి, వారిలో హిమేనెజ్ ప్రధానముగా అకార్డియను వాద్యకుడైనను. మన ప్రకటనపత్రములలో కథకుని పేరు ఉండును, ‘బృందము’ అన్న ఒక్క మాటలో జముకు వాద్యకుడు మునిగిపోవును.

కావున సంబరము జరిపించెడి గ్రామపెద్దలకును, ఉత్సవముల నిర్వాహకులకును నా మనవి యిది. జముకుల దళమును పిలిచినచో పూర్తి రాత్రికి పిలువుడు. మైకు ఒక్కటే ఉన్నచో దానిని కథకుని నోటికి మాత్రమే గాక జముకు తెరచిన మూతికి కూడ అందునట్లు నిలుపుడు. ప్రకటనలో వాద్యకుని పేరు కథకుని పేరు ప్రక్కనే అచ్చువేయింపుడు. సంభావన పంచునపుడు వాని భాగము కథకుని భాగమునకు తగ్గకుండ చూడుడు. జముకు పట్టెడి కుఱ్ఱవాడు ఆ పనితో ఇల్లు గడుపుకొనగలనని నమ్మిననాడు, వానికి నేర్పుటకు ఇంకను చేతులాడెడి పెద్దలు శ్రీకాకుళ, విజయనగర జిల్లాలలో ఉండగనే నేర్చుకొనును.