మనోవ్యాధియు నుద్యోగధర్మమును

2016 నాఁటి వికలాంగుల హక్కుల చట్టము మనోవ్యాధిని వైకల్యములలో నొకటిగా నెన్నినది. తగిన సౌకర్యమును నిరాకరించుటయు వివక్షయే యని నిర్వచించినది. ఇంతవఱకు బాగు. కాని 20వ సెక్షను, ఉద్యోగికి ఆ సౌకర్యమును కల్పింపవలెనని ప్రభుత్వ కార్యాలయములనే శాసించినది. ప్రైవేటు కంపెనీలకు 21వ సెక్షను సమానావకాశ విధానమును ప్రకటింపుఁడని చెప్పి యూరకున్నది.

రోగి కోరునదేమి? రాత్రి డ్యూటీ మార్పు, వైద్యునిఁ జూచుటకు సెలవు, సద్దులేని మూల నొక బల్ల. ఇందులకు ఖర్చెంత? అయినను అడుగుటకే భయము: నోరు విప్పెనా, పిచ్చివాఁడను పేరు స్థిరము.

2021లో సుప్రీంకోర్టు, ఒక సి.ఆర్.పి.ఎఫ్. అధికారి వ్యాజ్యములో, మనోవైకల్యము గలవారిపైఁ గ్రమశిక్షణచర్యకుఁ బూనుట పరోక్ష వివక్షయని తీర్పు చెప్పినది. ఎందఱు కచేరీ పెద్దలు దానిని చదివిరో! కంపెనీ గుమాస్తాకు మాత్రము, చూపి యడుగుటకు 20వ సెక్షనులో నొక్క మాటయు లేదు.