కోసి చూపించిన రంపమే రంపం

పాత చెయిన్ రంపాన్ని విప్పి, ఇసుక కొట్టించి, తళతళలాడే రంగేయించి గోడకు తగిలించినవాడు దాన్ని ముస్తాబు చేశాడు, అంతవరకే. బాగుచేశాడు అనిపించుకోవాలంటే ఆ రంపం దుంగ మీదికెక్కాలి. రెండు మూడు లాగుళ్లకే ఇంజను అందుకోవాలి, ఐడిలింగ్‌లో చెయిన్ కదలకుండా ఉండాలి, రేజ్ చేస్తే తడబడకుండా ఎత్తుకోవాలి, అడుగు మందం కర్రలో దిగితే గొంతు మారకుండా అవతలికి రావాలి. అమెరికా, కెనడా, స్వీడన్, జర్మనీల్లో పాత రంపాలు పోగుచేసేవాళ్లు ఏటా ఒకచోట చేరి, తెచ్చిన రంపాలన్నిటినీ వరసగా పేర్చి, పక్కనే దుంగలు వేసి కోస్తారు. అక్కడ ఎవరి పనితనం ఎంతో తేల్చేది ఆ దుంగే. మనవాళ్లకు ఈ పిచ్చి అర్థం కానిదేం కాదు. 1996లో తయారీ ఆగిపోయిన యమహా ఆర్‌ఎక్స్ 100 కోసం ఊళ్లూళ్లూ గాలించేవాళ్లు, దాని సైలెన్సర్ చప్పుడుకి తల తిప్పి చూసేవాళ్లు మన మధ్యే ఉన్నారు. చెయిన్ రంపంలో ఉన్నదీ ఆ జాతి టూ స్ట్రోక్ ఇంజనే. కాకపోతే చక్రాలను తిప్పాల్సింది పళ్ల గొలుసును తిప్పుతుంది.

చరిత్ర ఇక్కడ అంత ముఖ్యం కాదు గనక గబగబా చెప్పేస్తాను. పద్దెనిమిదో శతాబ్దం చివర స్కాట్లండ్ డాక్టర్లు ఎముక కోయడానికి పళ్ల గొలుసు వాడారట, అదే దీనికి ముత్తవ్వ అంటారు. అడవిలోకి దిగిన తొలి పెట్రోలు రంపాల్లో ఒకటి మాత్రం జర్మనీది. 1927లో ఎమిల్ లెర్ప్ తన పెట్రోలు రంపాన్ని థురింగియాలోని డోల్మార్ అనే కొండ మీద పరీక్షించి, ఆ కొండ పేరే కంపెనీకి పెట్టుకున్నాడు. బరువు 58 కిలోలు, ఇద్దరు మనుషులు మోయాలి. అక్కణ్ణుంచి కథంతా బరువు దించే కథే. అమెరికాలో రాబర్ట్ మెకల్లక్ 1949లో 3-25 అనే మోడల్ తెచ్చాడు. అది 25 పౌండ్లు, అంటే సుమారు 11 కిలోలు. మరుసటి ఏడాది జర్మనీ కంపెనీ స్టిల్ ఒంటి మనిషి రంపమంటూ తెచ్చినది 16 కిలోలు. 1959లో వచ్చిన స్టిల్ కాంట్రా గేరుపెట్టె తీసేసి, 12 కిలోల్లో 6 హార్స్‌పవర్ ఇచ్చింది. 1963లో హోమ్‌లైట్ ఎక్స్‌ఎల్-12 బారూ (చెయిన్ తిరిగే పొడవాటి పట్టీ), చెయినూ లేకుండా 12 పౌండ్లకే దిగింది. కాంట్రా గొప్పదే, కాదనను. అయినా పసుపు రంగు మెకల్లక్ పార్టీ వాళ్లకి స్టిల్ పార్టీతో పొసగదు, నా ఓటూ పసుపుకే. జర్మన్లు పదహారు కిలోల దగ్గరున్నప్పటికే పదకొండు కిలోల రంపాన్ని అమ్మి చూపించిన మనిషి మెకల్లక్. ఆ తర్వాత లండన్ బ్రిడ్జిని రాయికి రాయి విప్పించి కొనుక్కుపోయి, అరిజోనా ఎడారిలో నిలబెట్టిందీ ఆయనే. అంత తెగువ లేనివాడి చేతిలో అంత తేలిక రంపం పుట్టదని నా నమ్మకం.

బరువు తగ్గడంలో లోహం పాత్ర అందరికీ తెలుసు. మెగ్నీషియం అల్యూమినియం కంటే మూడోవంతు తేలిక, కేసింగులన్నీ దానితోనే పోతపోశారు. అంతకంటే పెద్ద మలుపు కార్బురేటర్‌ది. మొదట్లో రంపాల్లో మోటార్‌సైకిల్ మాదిరి ఫ్లోట్ కార్బురేటరే ఉండేది. ఇంజను నిటారుగా ఉంటే సరే, పక్కకి వంచితే ఫ్లోట్ పనిచేయదు. నిలబడ్డ చెట్టును అడ్డంగా కోయాలిగా? అందుకని ఇంజనును నిటారుగానే ఉంచి, ముందున్న బార్‌ను మాత్రం పక్కకి తిప్పుకునే ఏర్పాటు పెట్టేవాళ్లు. డయాఫ్రమ్ కార్బురేటర్ వచ్చి ఆ అవస్థ తీర్చింది. క్రాంక్‌కేసులో పిస్టన్ పైకీ కిందకీ ఆడుతుంటే పుట్టే ఒత్తిడి చిన్న రంధ్రం గుండా వచ్చి పలచటి పొరను ఆడిస్తుంది, ఆ పొర పెట్రోలు తోడుతుంది, ఇంకో పొర కొలిచి వదులుతుంది. తలకిందులు చేసినా ఇంజను ఆగదు. టిలట్‌సన్ కంపెనీ హెచ్‌ఎల్ కార్బురేటర్ అరచేతిలో పట్టేంత వస్తువు, ఒకదానికొకటి పడని కంపెనీలన్నీ దాన్నే కొని బిగించుకున్నాయి. డెబ్భై ఏళ్ల నాటి ఆ కార్బురేటర్‌ను నాలుగు మరలు విప్పి, గట్టిపడిన పొరలు మార్చి, సూదీ స్ప్రింగూ చూసుకుంటే ఇవాళ్టికీ నడుస్తుంది. నా వాదనంతా ఇక్కడే మొదలవుతుంది. ఈ యంత్రాలను విప్పి మళ్లీ బిగిస్తారన్న లెక్కతోనే తయారుచేశారు. ఆ విప్పడం, బిగించడం వచ్చిన చేతులు ఉన్నంతవరకే వాటికి విలువ.

ఆ చేతుల పని ఎలా ఉంటుందో పట్టేసిన పిస్టన్ దగ్గర చూడాలి. ఆర్‌ఎక్స్ 100 సీజైతే మన మెకానిక్కు దారి తెలుసు. దాని సిలిండర్‌లో ఉన్నది పోత ఇనుప లైనరు గనక బోర్ చేయించి, పావు మిల్లీమీటరు ఓవర్‌సైజు పిస్టన్ వేస్తాడు. అరవై, డెబ్భైల నాటి చాలా రంపాల్లో ఆ దారి లేదు. అల్యూమినియం సిలిండర్ లోపల వెంట్రుక మందం కూడా లేని క్రోమ్ పూత ఉంటుంది, బోర్ చేస్తే ఆ పూతే పోతుంది. అయితే పైకి గీతలు పడి చెడిపోయినట్టు కనిపించే సిలిండర్లలో చాలావాటికి పూత చెక్కుచెదరదు. కరిగిన పిస్టన్ లోహమే గోడకు అంటుకుని ఉంటుంది. పనివాడు బాత్రూములు కడిగే యాసిడ్‌ను పుల్లకు చుట్టిన దూదితో ఆ మరకల మీద మాత్రమే అద్దుతాడు. అల్యూమినియం ఉన్నంతసేపూ బుసబుసమని నురగ వస్తుంది, అది కరిగిపోగానే ఆగుతుంది. ఆగకుండా ఒకేచోట పొంగుతూ ఉందంటే అక్కడ పూత చిల్లుపడి, యాసిడ్ సిలిండర్‌నే తింటోందన్నమాట. ఆ క్షణంలో చెయ్యి వెనక్కి తీయాలి. తర్వాత వంటసోడా నీళ్లతో కడిగి, వెంటనే నూనె రాస్తాడు. నిజంగా పోయిన సిలిండర్ ఏదో, పోయినట్టు కనిపించేది ఏదో ఆ నురగ చూసి చెప్పగలవాడు చెత్తబుట్టలోంచి రంపాలను లేపుతాడు. రంగు డబ్బా పట్టుకున్నవాడికి ఈ చదువు అక్కర్లేదు.

పిస్టన్ బాగుపడినా ఇంజను బతికినట్టు కాదు. అది అసలెందుకు పట్టేసిందో తేలాలి. చాలాసార్లు దొంగ ఆయిల్ సీలు. క్రాంక్‌కి రెండు వైపులా ఉండే ఆ రబ్బరు ఎండిపోతే బయటి గాలి లోపలికి లాగుతుంది, పెట్రోలు మిశ్రమం పలచబడుతుంది, పిస్టన్‌కి నూనె అందదు, మళ్లీ పట్టేస్తుంది. అందుకే తెలిసినవాళ్లు ఇన్‌టేక్‌నీ ఎగ్జాస్ట్‌నీ రబ్బరు ముక్కలతో మూసి, ఏడెనిమిది పీఎస్‌ఐ గాలి ఎక్కించి, సబ్బునీళ్లు రాసి బుడగలు వెతుకుతారు. ఆ తర్వాత గాలి లాగేసి కూడా చూస్తారు, ఎందుకంటే బయటికి కారని సీలు లోపలికి కారవచ్చు. ఇక చివరి ట్యూనింగ్ చెవి పని. దుంగ మీద పెట్టకుండా పూర్తిగా రేజ్ చేసినప్పుడు ఇంజను కొద్దిగా గరగరలాడాలి, మిశ్రమం కాస్త చిక్కగా ఉందని అర్థం. కర్రలోకి దిగి బరువు పడగానే ఆ గరగర పోయి గొంతు విచ్చుకోవాలి. ఖాళీగా ఉన్నప్పుడే సన్నగా, స్వచ్ఛంగా కేక పెడుతోందంటే వినడానికి బాగుంటుంది, కానీ అది పిస్టన్‌కి చావుకేక. స్క్రూ ఎనిమిదోవంతు తిప్పు తేడా. దీన్ని మీటరు పెట్టి సరిచేసేవాళ్లూ ఉన్నారు, తప్పులేదు. చెవితో చేసేవాడి ముందు మాత్రం నేను చేతులు కట్టుకుని నిలబడతాను.

చెయిన్ సంగతి ప్రత్యేకంగా చెప్పాలి, ఎందుకంటే ఇంజను ఎంత బాగున్నా కోసేది అదే. పాత రంపాల చెయిన్లకు చేతి రంపం మాదిరి నిటారు పళ్లుండేవి, పదును పెట్టడానికే సగం రోజు పోయేది. 1946లో అమెరికాలోని ఆరెగన్ అడవుల్లో జో కాక్స్ అనే కోతపనివాడు ఒక మొద్దులో కలప పురుగు పిల్ల కర్రను అడ్డంగానూ నిలువుగానూ అవలీలగా తొలుస్తుండడం చూశాడు. దాని దవడలు వంపు తిరిగి, ఒకసారి ఎడమకి, ఒకసారి కుడికి కోస్తున్నాయి. ఆ దవడనే ఉక్కులో దించాడు. ఇవాళ ప్రపంచంలో ఏ చెయిన్ రంపం పన్ను చూసినా ఆ పురుగు వంశమే. దానికి గుండ్రటి ఆకురాయి చాలు, ముప్పై డిగ్రీల వాలులో ప్రతి పన్నుకీ ఒకే లెక్కన నాలుగు తోపులు. పదును కుదిరితే మందమైన చెక్కుపొట్టు రాలుతుంది, తప్పితే పిండి రాలుతుంది. ఎడమ పళ్లు కుడి పళ్లకంటే పొట్టిగా అరిగితే కోత వంకర తిరుగుతుంది. దుంగ కింద పడ్డ పొట్టును పిడికిట్లోకి తీసుకుని చూస్తే చాలు, రంపం యజమాని ఎలాంటివాడో తెలిసిపోతుంది.

నా మాటకు ఎదురుచెప్పేవాళ్లలో బలమైనవాళ్లు మ్యూజియం పక్షం. నడిపితే అరుగుతుంది, అరిగినదానికి విడిభాగం లేదు, అసలు రంగూ అసలు గీతలూ చరిత్ర గనక ముట్టుకోవద్దంటారు. రంగు విషయంలో వాళ్లతో నాకు పేచీ లేదు. పాత రంగు నిలిచి ఉంటే కొత్తది పూయడం నేరమే. 1920ల నాటి ఇద్దరు మనుషుల రంపాల్లాంటివి లోకంలో కొన్నే మిగిలాయి, వాటిని వదిలేయాల్సిందే. కానీ లక్షల్లో తయారైన ఎక్స్‌ఎల్-12 మాటేమిటి? దాన్ని నడపకుండా దాస్తే అది భద్రంగా ఉంటుందనుకోవడం భ్రమ. ట్యాంకులో మిగిలిన పెట్రోలు జిగురవుతుంది, ఇథనాల్ కలిసిన ఈ కాలపు పెట్రోలైతే తేమ పీల్చి పాత రబ్బరును ఉబ్బిస్తుంది, సీళ్లు ఎండుతాయి, తడి పొట్టు అంటుకున్నచోట మెగ్నీషియం తెల్లగా పూసి గుల్లబారుతుంది. బీరువా కూడా యంత్రాన్ని తింటుంది, కాకపోతే చప్పుడు చేయకుండా తింటుంది. పైగా సిలిండర్ నురగ చదవడం, గరగర వినడం నేర్పేది నడిచే యంత్రమే. యంత్రం మిగిలి విద్య పోతే మ్యూజియం వాళ్లు మాత్రం దాని గురించి బోర్డు మీద ఏం రాస్తారు?

రెండో అభ్యంతరం ప్రాణానికి సంబంధించింది, దాన్ని తేలిగ్గా తీసేయకూడదు. బార్ కొస పైభాగం కర్రకి తగిలితే రంపం ఒక్కసారిగా మొహం మీదికి ఎగిరి వస్తుంది. చెయిన్‌ను ఆపే బ్రేకు 1970లలోగానీ వాడుకలోకి రాలేదు, అంతకుముందు రంపాలకు అది లేదు. అరవైల్లో కంపనం తగ్గించే రబ్బరు దిమ్మెలు వచ్చేదాకా, ఏళ్ల తరబడి కోసిన కూలీల వేళ్లు రక్తం ఆడక తెల్లబడిపోయేవి. అందుకే పాత రంపం రోజుకూలీకి పనికిరాదు, దాన్ని అలా వాడమనడం పాపం. ఏడాదిలో నాలుగు దుంగలు, అదీ హెల్మెటూ కాళ్లకు రక్షణ గుడ్డా కట్టుకుని, బార్ కొస కర్రకి తగలనీయకుండా. అడవులను నరికిన ఆయుధానికి హారతులేమిటనేవాళ్లకు కూడా నా దగ్గర సమాధానముంది. నరికించింది ఎవరి లాభమో వాళ్లకూ తెలుసు. 2014లో హుద్‌హుద్ తుఫాను తర్వాత విశాఖ రోడ్ల మీద కూలిన చెట్లను కోసి దారి ఇచ్చిందీ ఈ రంపమే. పొగ మాటకొస్తే, టూ స్ట్రోక్ కాలని పెట్రోలును కొంత బయటికి వదిలేస్తుందన్నది నిజం. 2024 నుంచి తయారయ్యే చిన్న పెట్రోలు రంపాల అమ్మకాన్ని కాలిఫోర్నియా ఆపడం నాకు సబబే అనిపిస్తుంది. ఏడాదికో గంట నడిచే పాతదాన్ని ఆ లెక్కలో వేయడం మాత్రం అన్యాయం.

నాకు నిజంగా మండేది వేరేచోట. మెకల్లక్ కంపెనీ 1999లో దివాలా తీసింది, పేరు స్వీడన్ కంపెనీ హస్క్‌వర్నా చేతికి పోయింది. హోమ్‌లైట్ పేరు జాన్ డీర్ చేతుల మీదుగా హాంకాంగ్ సంస్థకు వెళ్లింది. కొన్నవాళ్లు పేరుకిచ్చిన విలువ అచ్చులకూ పనివాళ్లకూ ఇవ్వలేదు. ఆ పేరే అతికించిన ప్లాస్టిక్ రంపం చెడిపోతే బాగుచేయించే ఖర్చుకు కొత్తది వస్తుందని దుకాణంవాడే చెబుతాడు, అది చెప్పడానికి సిగ్గుపడడు కూడా. దీనికి తోడు చవక సిలిండర్ల వరద. ఫొటోలో అచ్చం అసలుదానిలాగే ఉంటుంది. వేలు లోపల పెట్టి పోర్టు (గాలీ పొగా పోయే రంధ్రం) అంచు తడిమితే బ్లేడులా తగులుతుంది. ఆ అంచును వాలుగా అరగదీయాలి, లేకపోతే రింగు అందులో ఇరుక్కుని విరుగుతుంది. అరగదీయడానికి పట్టే పది నిమిషాలు ఆదా చేసినవాడు ఎవడోగానీ, ఎక్కడో ఒక మంచి రంపాన్ని చంపేశాడు. పిస్టన్ పిన్నును పట్టి ఉంచే సర్క్లిప్ ఊడిపోయేదొకటి, పూత పెచ్చులూడేదొకటి. వీటిని బిగించి, నకిలీ స్టిక్కరేసి, అసలు రంపమని అమ్మేవాణ్ణి రంపాలు పోగుచేసేవాళ్ల బృందాలు వెలివేయాలి. మొహమాటానికి పోయి ఊరుకుంటున్నాయి, అదే నా ఫిర్యాదు.

అచ్చుకి అచ్చు కావాలని ఎవరూ అడగడం లేదు. విజయవాడ ఆటోనగర్‌లో లేతు ముందు కూర్చున్న పనివాడిని అడగండి, కొలత చేతిలో పెడితే దొరకని బుష్ అయినా తిరిగి చేతికొస్తుంది. రంపాల లోకంలోనూ అలాంటి పనివాళ్లున్నారు. రింగులు చేసేవాళ్లు, పాత కాయిల్ మళ్లీ చుట్టేవాళ్లు, పాయింట్లూ కండెన్సరూ అమర్చేవాళ్లు చిన్న చిన్న షెడ్లలో ఒంటరిగా పనిచేస్తున్నారు. వాళ్లకు కావాల్సింది కొలతలు. పాత పేర్లను కొని బీరువాల్లో పెట్టుకున్న కంపెనీలు, తాము ఇక ఎప్పటికీ తయారుచేయని ఆ మోడళ్ల డ్రాయింగులనూ సర్వీసు పుస్తకాలనూ విడిభాగాల జాబితాలనూ అందరికీ ఇచ్చేయాలి. వాటివల్ల వాళ్లకిప్పుడు పైసా రాదు, ఇస్తే పైసా పోదు. పోగుచేసేవాళ్లు కూడా ఇకమీదట బల్ల మీద పెట్టిన రంపం రంగు మెచ్చుకునే ముందు, దుంగ చూపించి కోయమని అడగాలి.