ఎగరనని తేల్చి చెప్పిన ఎముక

కోడి రెక్క కొరికిన ప్రతివారికీ దండచేతి ఎముక పరిచయమే. గుండ్రంగా, తేలిగ్గా, లోపల బోలుగా ఉంటుంది. ఆ రూపాన్ని మనసులో ఉంచుకుని, ఎగరలేని, ఇప్పుడు అంతరించిపోయిన గ్రేట్ ఆక్ అనే సముద్రపక్షి దండచేతి ఎముకను చూడండి. రెండు అరచేతుల మధ్య అదిమిపెట్టినట్టు బల్లపరుపుగా, కాస్త ఒంపు తిరిగి, తెడ్డు కాడను తలపిస్తుంది. గోడలు మందం. గాలికి చోటివ్వని ఎముక అది.

దాని సొగసు పూర్తిగా తెలియాలంటే పక్కన చుట్టాన్ని పెట్టాలి. రేజర్‌బిల్ ఉత్తర అట్లాంటిక్‌లో నేటికీ బతికే ఉంది. రెక్కలతోనే నీళ్లలో ఈదుతుంది కాబట్టి దాని ఎముకా నొక్కుకుపోయినదే. కానీ దానికి ఎగిరే పని కూడా ఉంది. అందుకే ముంజేయి మరీ కురచ కాకుండా ఆగింది. గ్రేట్ ఆక్‌కు ఆ మొహమాటం లేదు. దండచేయి బలంగా సాగింది, ముంజేయి పొట్టిగా ముడుచుకుంది. ఒకే గురువు దగ్గర నేర్చిన ఇద్దరు ఒకే రాగం అందుకున్నట్టుంటుంది. ఒకరు తారస్థాయిని తాకి దిగుతారు. రెండోవారు మంద్రంలోనే కూర్చుని రాగమంతా అక్కడే చూపిస్తారు.

పరిమాణంలో తేడా ఎవరికైనా కనిపిస్తుంది. రసం మాత్రం దండచేతికీ ముంజేతికీ ఉన్న ఈ పొంతనలో ఉంది. డెన్మార్క్, స్కాట్లాండ్ తీరాల్లో ప్రాచీనులు తిని పారేసిన ఆల్చిప్పల గుట్టల్లోంచి ఇలాంటి ఎముక బయటపడితే, తెలిసిన కన్ను ఆ పరిమాణాన్నీ నొక్కుడునూ చూసే పక్షి పేరు చెబుతుంది.

న్యూఫౌండ్‌లాండ్ తీరానికి సుమారు 60 కిలోమీటర్ల దూరంలో ఫంక్ ద్వీపం ఉంది. 18వ శతాబ్దం చివర్లో ఈకల కోసం అక్కడ ఈ పక్షుల్ని గుట్టలుగా చంపారు. 1844 జూన్‌లో ఐస్‌లాండ్ దగ్గరి ఎల్డే దీవిలో, రూఢిగా తెలిసిన చివరి జంట కూడా పోయింది. ఫంక్‌లో కళేబరాలు మట్టయ్యాయి. ఆ మట్టిలో పఫిన్‌లు గూళ్లకు బొరియలు తవ్వుతుంటే ఎముకలు పైకొస్తాయి. పఫిన్ కూడా ఆక్‌కు చుట్టమే. 1887లో స్మిత్సోనియన్ తరఫున ఫ్రెడరిక్ లూకస్ వెళ్లి ఆ ఎముకలను పోగుచేసి తెచ్చాడు.

మ్యూజియాల్లో నిలబడ్డ గ్రేట్ ఆక్ అస్థిపంజరాలు చాలావరకు ఏ ఒక్క పక్షివీ కావు. పలు పక్షుల ఎముకల్ని ఏరి, పొడవులు సరిచూసి, ఒక్కటిగా కట్టినవి. వాటి ముందు నిలబడే అవకాశం వస్తే ముక్కు సంగతి తర్వాత, ముందు రెక్క చూడండి. ఎందరి ఎముకలు కలిసినా ఆ పొంతన చెక్కుచెదరలేదు.