రెండు లెక్కల నడుమ సర్జన్

2020 మే నెలలో కోవిడ్‌సర్జ్ అనే అంతర్జాతీయ సర్జన్ల బృందం రెండు పరిశోధన పత్రాలు వెలువరించింది. ఒకటి బ్రిటిష్ జర్నల్ ఆఫ్ సర్జరీలో, మరొకటి లాన్సెట్‌లో. చేయకుండా ఆగిన ఆపరేషన్లను మొదటిది లెక్కగట్టింది. చేసినవాటిలో ఎదురైన ముప్పును రెండోది చూపింది. తమిళనాడులోని కృష్ణగిరి జిల్లా కల్లావి నుంచి చూస్తూ ఈ రెండింటినీ పక్కపక్కన పెట్టి చదవాలి.

మొదటి పత్రం చూపు విశాలం. కరోనా ఉధృతంగా ఉండే 12 వారాల్లో 190 దేశాల్లో 2 కోట్ల 84 లక్షల ఆపరేషన్లు రద్దో వాయిదానో అవుతాయని అంచనా వేసింది. క్యాన్సర్ ఆపరేషన్లలో 37.7 శాతం ఆగితే, క్యాన్సర్ కాని మామూలు జబ్బులవాటిలో 81.7 శాతం ఆగుతాయంది. ‘మామూలు’ పద్దులోకే హెర్నియా కూడా వస్తుంది. మూటలు మోసి బతికేవాడికి హెర్నియా అంటే కూలి పోవడమే. ఆ తేడా ఈ లెక్కలో కనబడదు.

రెండో పత్రం చూపు సన్నం, కానీ లోతైనది. 24 దేశాల్లో ఆపరేషన్ జరిగిన 1,128 మంది కరోనా రోగులను పరిశీలించింది. సగానికి పైగా రోగులకు ఊపిరితిత్తుల ఇబ్బందులొచ్చాయి. 30 రోజుల్లో 23.8 శాతం మంది చనిపోయారు. అత్యవసరం కానివి వాయిదా వేయమనీ, 70 ఏళ్లు దాటిన మగవారి విషయంలో మరీ ఆచితూచి కత్తి పట్టమనీ సలహా ఇచ్చింది. అయితే వీరిలో 74 శాతం మందివి అత్యవసర ఆపరేషన్లు. పైగా, కరోనా లేని రోగులతో పోలిక లేదు. ఈ మరణాల్లో ఎంత పాలు కరోనాది, ఎంత పాలు అసలు జబ్బుది అన్నది తేలలేదు.

ఇక మన జిల్లా సంగతి. 2020 ఏప్రిల్ 30 నాటి కేంద్ర ఆరోగ్యశాఖ కరోనా జోన్ల జాబితాలో తమిళనాడు మొత్తానికి గ్రీన్ జోన్ కృష్ణగిరి ఒక్కటే. అత్యవసరం కాని ఆపరేషన్లు ఆపమన్న సలహా మాత్రం మార్చిలోనే దేశమంతటికీ వచ్చింది. లాక్‌డౌన్‌లో బస్సుల్లేవు. హోసూరు దాటి బెంగళూరు పోవాలంటే అత్తిబెలె సరిహద్దులో పాసు చూపాల్సి వచ్చేది. జిల్లాలో ప్రభుత్వ వైద్య కళాశాల అప్పటికి లేదు, 2022 జనవరిలో ప్రారంభమైంది. కరోనా రాకముందే వైద్యం దూరమైన ఇలాంటి చోటును రెండో పత్రం పట్టించుకోలేదు. మొదటిది పట్టించుకున్నా సర్జన్ల అంచనాల మీదే నడిచింది.

థియేటర్లో పని తీరు మార్చడానికి పనికొచ్చింది రెండో పత్రమే. ముందు పరీక్ష, ఎన్-95 మాస్కు, పీపీఈ, లోపల తక్కువ మంది, వీలైనచోట పూర్తి మత్తుకు బదులు నడుముకు ఇంజెక్షన్. ఇలాంటి జాగ్రత్తల వెనుక ఉన్న భయానికి అది అంకెలిచ్చింది. మొదటిది ప్రభుత్వాలకు పనికొచ్చే పత్రం. మామూలు కంటే 20 శాతం ఎక్కువ ఆపరేషన్లు చేసినా బకాయి తీరడానికి 45 వారాలు పడుతుందని హెచ్చరించింది. కానీ ఆ అదనపు 20 శాతం చేసేదెవరు? చిన్న ఊళ్ల నర్సింగ్ హోముల్లో మత్తు డాక్టరు పిలిస్తేనే వస్తాడు. సర్జన్ సిద్ధంగా ఉన్నంత మాత్రాన టేబుల్ నడవదు.

ఈ రెండింటి మధ్య చిక్కును కొంత విప్పింది అదే బృందం 2021 మార్చిలో ఇచ్చిన అధ్యయనం. 116 దేశాల్లో లక్షా 40 వేలకు పైగా రోగులను చూసి, కరోనా వచ్చాక వీలైతే కనీసం 7 వారాలు ఆగి ఆపరేషన్ చేయమంది. ‘ఆపు’, ‘చెయ్యి’ అన్న రెండు మాటల నడుమ సర్జన్‌కు ఒక గడువు దొరికింది.

నా తీర్పు ఇది: సర్జన్ చేతికి రెండో పత్రం మేలు, ప్రభుత్వానికి మొదటిది మేలు. ఏది ఒంటరిగా చదివినా తప్పుదారే. మరో మహమ్మారి వస్తే ఆపరేషన్ల వాయిదా జాబితాను జిల్లాల వారీగా రాయాలి. అందులో జబ్బు పేరు పక్కన రోగి చేసే పనీ, ఆసుపత్రికి ఉన్న దూరమూ ఉండాలి.