దండించే వస్తువులు: వాటి తెలివెంత, న్యాయమెంత?

చంటిపిల్లలు బొటనవేలు చీకడం మానకపోతే మన అమ్మమ్మలు ఆ వేలికి వేపాకు రసం రాస్తారు. తిట్టడం, కొట్టడం ఉండవు. వేలే చేదెక్కి, ఆ అలవాటును మాన్పించే పని తానే చూసుకుంటుంది. వీధిలోని స్పీడ్‌బ్రేకర్ చేసేదీ ఇదే. పోలీసు లేకపోయినా మిట్ట ఉంటుంది. వేగంగా వచ్చినవాడి నడుము విరుస్తుంది.

చేదు, మిట్ట చేసిన ఈ పనిని ఇప్పుడు సెన్సర్లు, మైక్రోప్రాసెసర్లు చేస్తున్నాయి. మన ప్రవర్తనను గమనించి, అది తమకు నచ్చకపోతే మందలించే, ఆపే, శిక్షించే వస్తువులు రోజురోజుకీ పెరుగుతున్నాయి. వాటిని 'తెలివైన వస్తువులు' అంటున్నారు. వాటిని చూసి చప్పట్లు కొట్టేముందు వాటి తెలివి ఎంతటిదో, వాటి తీర్పు ఎంత న్యాయమైనదో పరీక్షించడం విజ్ఞానశాస్త్ర విద్యార్థులుగా మీ బాధ్యత. కొన్ని నిజమైన ఉదాహరణలు తీసుకుందాం.

ముంబయి సిగ్నల్ చెప్పిన పాఠం

2020 జనవరి చివర్లో ముంబయి పోలీసులు ఒక చిన్న చిత్రాన్ని విడుదల చేశారు. ఒక ప్రకటనల సంస్థ సహకారంతో ఛత్రపతి శివాజీ మహారాజ్ టెర్మినస్, మెరైన్ డ్రైవ్, పెడ్డర్ రోడ్, హింద్‌మాతా, బాంద్రా వంటి కూడళ్లలో కొద్దికాలం జరిపిన ప్రయోగం అది. సిగ్నల్ స్తంభాలకు శబ్దాన్ని కొలిచే డెసిబెల్ మీటర్లు బిగించారు. ఎర్రదీపం వెలుగుతున్నప్పుడు హారన్ల మోత 85 డెసిబెల్‌లు దాటిందా, సెకన్ల లెక్క మళ్లీ మొదటికి వచ్చి ఎర్రదీపం మరో 90 సెకన్లు కొనసాగేది. 'ఎక్కువ మోగిస్తే ఎక్కువసేపు ఆగాలి' అన్నది దాని నినాదం. దేశమంతటా జనం ఆ చిత్రాన్ని చూసి ఆనందించారు. మిగతా నగరాల్లోనూ ఇలాంటివి పెట్టాలన్న మాట వినిపించింది.

ఆ ఆలోచనలో మెచ్చుకోదగ్గ గుణం ఒకటి ఉంది. చలానా ఇంటికి చేరేసరికి వారం పట్టవచ్చు; అప్పటికి మనం చేసిన తప్పే మనకు గుర్తుండదు. ఈ సిగ్నల్ మాత్రం అక్కడికక్కడే జవాబు చెబుతుంది. పైగా హారన్ మోగించేవాడికి అన్నిటికన్నా అసహ్యమైనది ఎదురుచూడటమే. శిక్ష కూడా అదే కావడం చమత్కారంగా ఉంది.

ఇప్పుడు కాగితం, పెన్సిలు తీసుకోండి. మన దేశంలో కారు హారన్ 7 మీటర్ల దూరంలో కనీసం 93 డెసిబెల్‌ల శబ్దం చేయాలని ప్రమాణాలు చెబుతున్నాయి. గరిష్ఠంగా 112 డెసిబెల్‌లు. బహిరంగ ప్రదేశంలో దూరం రెట్టింపైనప్పుడల్లా శబ్దస్థాయి సుమారు 6 డెసిబెల్‌లు తగ్గుతుందని మీరు చదువుకొనే ఉంటారు. అంటే ఆ కనీసపు హారన్ కూడా 14 మీటర్ల దూరంలో 87 డెసిబెల్‌లుగా వినిపిస్తుంది. స్తంభానికి అంత దూరంలో ఉన్న ఒకే ఒక్క కారు, చట్టం అనుమతించిన అతి చిన్న హారన్‌తో, కూడలి మొత్తానికి 90 సెకన్ల శిక్ష వేయించగలదన్నమాట.

మరి 28 మీటర్ల దూరంలో ఉన్న కారో? దాని హారన్ మీటరు దగ్గర 81 డెసిబెల్‌లే. అంటే ఎంత మోగించినా తప్పించుకుంటుంది. డెసిబెల్ సంవర్గమాన కొలత కాబట్టి, అలాంటివి పది ఒకేసారి మోగితే 10 డెసిబెల్‌లు మాత్రమే కలిసి 91 అవుతుంది. ఇంతకీ మీటరుకు తెలిసేది మొత్తం శబ్దమే గాని మోగించినవారెవరో కాదు. ముందు నిలబడ్డ ఒక్కడు మోగిస్తే, నోరు మెదపకుండా నిలబడ్డ యాభైమందీ శిక్ష అనుభవించాలి. తరగతిలో ఒకడు ఈల వేస్తే అందరినీ బెంచీ ఎక్కించే మాస్టారిని మీరు న్యాయమూర్తి అంటారా? వెనక ఆగిన అంబులెన్సు సంగతేమిటి? అదనంగా 90 సెకన్లు నడిచే ఇంజన్ల పొగ ఎవరి ఖాతాలో వేయాలి?

అసలు హారన్ ఎందుకు మోగుతుంది? ఓపిక లేక మోగించేవారు కొందరు. గీతలు చెరిగిన రోడ్డు, అడ్డంగా వచ్చే వాహనాలు, చోటులేక రోడ్డు మీద నడిచే పాదచారులు కూడా కారణాలే. లారీల వెనక హారన్ కొట్టమని మనమే రాసుకున్నాం. 2015లో మహారాష్ట్ర ప్రభుత్వం 'హారన్ ఓకే ప్లీజ్' అన్న ఆ రాతను నిషేధించవలసివచ్చింది. ఈ కారణాల్లో ఒక్కదాన్ని కూడా స్తంభానికి బిగించిన మీటరు సరిచేయలేదు. జనం ఆలోచించేలా చేసిన ప్రచారంగా ఆ ప్రయోగానికి మంచి మార్కులు వేయవచ్చు. శాశ్వతమైన యంత్రాంగంగా మాత్రం అది పరీక్షలో తప్పింది.

కారు మొరాయిస్తే...

అమెరికాలో 1974 మోడల్ కార్లకు ప్రభుత్వం ఒక నిబంధన పెట్టింది. ముందు సీట్లలో కూర్చున్నవారు బెల్టు పెట్టుకుంటేగాని ఇంజన్ స్టార్టు కాకూడదు. ఉద్దేశం గొప్పది, సీటు బెల్టు ప్రాణాలు కాపాడుతుందనడంలో సందేహం లేదు. కాని సీటులోని సెన్సరుకు మనిషికీ, కూరగాయల సంచికీ తేడా తెలియదు. సంచి పెట్టినా, కుక్కను కూర్చోబెట్టినా కారు కదలనని మొరాయించేది. జనానికి కోపం వచ్చింది. కొందరు వైర్లు పీకేశారు. ఆ ఏడాది అక్టోబరులోనే అమెరికా పార్లమెంటు ఆ నిబంధనను రద్దు చేసింది. అంతటితో ఆగక, హెచ్చరిక శబ్దం కూడా 8 సెకన్లకు మించి మోగేలా నిబంధన పెట్టరాదని చట్టం చేసింది. తొందరపాటుతో పెట్టిన యంత్రం ఒక మంచి అలవాటునే అప్రతిష్ఠ పాలుచేసింది. ఆ తర్వాత 1984లో న్యూయార్క్ రాష్ట్రంతో మొదలైన బెల్టు చట్టాలు, తనిఖీలు, ప్రచారం కలిసి క్రమంగా జనాన్ని మార్చాయి.

మన దేశం సంగతి చూద్దాం. 2019 జూలై 1 నుంచి కొత్త కార్లలో సీటు బెల్టును గుర్తుచేసే అలారం తప్పనిసరి అయింది. వేగం 80 కిలోమీటర్లు దాటితే ఉండుండి, 120 దాటితే ఎడతెగకుండా మోగే హెచ్చరిక కూడా వచ్చింది. ఇది కారును ఆపదు, గుర్తుచేసి ఊరుకుంటుంది. ఈపాటి మందలింపును సైతం సహించలేనివారి కోసం బజారులోకి ఒక చిన్న ఇనుప బిళ్ల వచ్చింది. బెల్టు కొక్కేనికి బదులు దాన్ని దూర్చితే అలారం నోరు మూతపడుతుంది. 2023లో కేంద్ర వినియోగదారుల రక్షణ ప్రాధికార సంస్థ ఇలాంటి బిళ్లల అమ్మకాన్ని ఆపించింది. అయిదు ఆన్‌లైన్ అమ్మకపు సంస్థల నుంచి తొలగించిన ప్రకటనలు 13,118. వస్తువు ఎంత తెలివైనదైనా, ఒప్పుకోని మనిషి దానికన్నా ఒక ఆకు ఎక్కువే చదువుతాడని దీన్నిబట్టి అర్థమవుతుంది.

మీ వయసే నేరమా?

ఇక మీకు నేరుగా సంబంధించిన ఉదాహరణ. వయసు పెరిగేకొద్దీ చెవి ముందుగా అధిక పౌనఃపున్య ధ్వనులను గ్రహించే శక్తిని కోల్పోతుంది. చిన్నపిల్లలు 20,000 హెర్ట్జ్ దాకా వినగలరు. పెద్దవారికి అంత పై స్థాయి వినిపించదు. బ్రిటన్‌లో హోవర్డ్ స్టేపుల్టన్ అనే ఆయన ఈ సూత్రం మీద 'మస్కిటో' అనే పరికరాన్ని తయారుచేశాడు. 2005లో వేల్స్‌లోని బారీ పట్టణంలో ఒక దుకాణం ముందు దాన్ని మొదటగా పెట్టారు. సుమారు 17,400 హెర్ట్జ్ వద్ద అది చెవులు గింగుర్లెత్తేలా మోగుతుంది. దుకాణం ముందు గుమిగూడే కుర్రాళ్లకు వినిపిస్తుంది; కొనడానికి వచ్చే పెద్దలకు వినిపించదు. నవ్వించి, ఆపైన ఆలోచింపజేసే పరిశోధనలకు ఇచ్చే ఇగ్ నోబెల్ శాంతి బహుమతి 2006లో దీనికి దక్కింది.

నవ్వు ఆగాక ఆలోచించండి. ముంబయి సిగ్నల్ కనీసం ఒక చర్యను శిక్షించింది. ఇది వయసునే శిక్షిస్తుంది. అల్లరి చేసే కుర్రవాడికీ, అమ్మ చెబితే పాలపాకెట్టు కోసం వచ్చిన అమ్మాయికీ ఒకే శిక్ష. చేతుల్లో ఉన్న పసిబిడ్డ ఏడిస్తే కారణం తల్లికి తెలియదు, ఆ శబ్దం ఆమెకు వినిపించదు కనుక. 2010లో యూరప్ కౌన్సిల్ పార్లమెంటరీ అసెంబ్లీ ఇలాంటి పరికరాలను నిషేధించాలని కోరింది. విద్యార్థులు మాత్రం అంతకుముందే తమ జవాబు చెప్పారు. అదే రకం ధ్వనిని సెల్‌ఫోన్ రింగ్‌టోన్‌గా మార్చుకుని, తరగతిలో టీచరుకు వినిపించకుండా వాడుకున్నారు!

చేదులేని చికిత్స

ఇలాంటి వస్తువులన్నీ చెడ్డవేనా? కాదు. మీ వంటింట్లో మూత లోపలి నుంచి బిగిసే రకం ప్రెషర్ కుక్కర్ ఉంటే ఒకసారి పరిశీలించండి. లోపల ఆవిరి పీడనం చదరపు సెంటీమీటరుకు సుమారు ఒక కిలో ఎక్కువగా ఉంటుంది. మూత వైశాల్యం 200 చదరపు సెంటీమీటర్లనుకుంటే, రెండు క్వింటాళ్ల బరువుతో సమానమైన బలం దాన్ని అంచుకేసి అదిమి ఉంచుతుంది. తెరవాలంటే మూతను లోపలికి నొక్కాలి. ఆ బలానికి ఎదురు నొక్కడం ఎవరి తరమూ కాదు. ఆవిరి పోగానే చిటికెలో వస్తుంది. ఇందులో సెన్సరు లేదు, బ్యాటరీ లేదు. ఏ పీడనం ప్రమాదకరమో ఆ పీడనమే తాళం వేస్తుంది. ప్రమాదం ఉన్నంతసేపే నిషేధం. ఆపై నిమిషం కూడా లేదు. తొందరపడ్డవారి చేతినే ఆపుతుంది, పక్కింటివారిని కాదు.

మరొకటి 'క్లాకీ' అనే గడియారం. అలారం మోగగానే చక్రాల మీద బల్లపై నుంచి దూకి పరుగెత్తి దాక్కుంటుంది. దాన్ని వెతికి పట్టుకునేసరికి నిద్ర వదులుతుంది. మసాచుసెట్స్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ టెక్నాలజీలో చదువుతూ గౌరీ నందా దీన్ని రూపొందించారు. 2005లో ఆమెకూ ఇగ్ నోబెల్ దక్కింది. ఇది నిద్రపోయేవాణ్ని వేధిస్తుంది నిజమే. కాని ఆ వేధింపును కొని తెచ్చుకున్నది అతనే. మన మీద మనమే పెట్టుకున్న కట్టుబాటుకూ, ఇతరులు మన మీద పెట్టిన కట్టుబాటుకూ ఎంతో తేడా ఉంది.

మీ ప్రాజెక్టుకు నాలుగు ప్రశ్నలు

ఇదంతా ఎందుకంటే, రేపు ఇలాంటి వస్తువులను తయారుచేసేది మీరే. ఇప్పటికే జిల్లా వైజ్ఞానిక ప్రదర్శనల్లో 'తెలివైన హెల్మెట్' తరచు కనిపిస్తోంది. హెల్మెట్ పెట్టుకోకపోయినా, మద్యం వాసన వచ్చినా మోటార్ సైకిల్ స్టార్టు కాదు. ఆలోచన మంచిదే. కాని దీన్ని నాలుగు ప్రశ్నలతో గీటురాయి మీద పెట్టండి.

ఒకటి, దెబ్బ తగిలేది తప్పు చేసినవారికేనా? రెండు, సెన్సరు కొలిచేదీ, మనం ఆపదలచినదీ ఒకటేనా? ఈ ప్రాజెక్టుల్లో సాధారణంగా వాడే టిన్ ఆక్సైడ్ సెన్సరు ఆల్కహాల్ ఆవిరికి స్పందిస్తుంది. చేతికి రాసుకున్న శానిటైజరు, బట్టల మీది సెంటు కూడా ఆల్కహాలే. చట్టం అడిగేది 100 మిల్లీలీటర్ల రక్తంలో 30 మిల్లీగ్రాములు దాటిందా అని. మీ సెన్సరు చెప్పేది గాలిలో ఏదో ఉందని మాత్రమే. మూడు, యంత్రం పొరబడితే మార్గమేది? అర్ధరాత్రి తండ్రిని ఆసుపత్రికి తీసుకెళ్లేవాడి బండి సెన్సరు చెడి మొరాయిస్తే అతను ఎవరికి మొరపెట్టుకోవాలి? బండి నడుస్తుండగా ఇంజన్ ఆగిపోతే ఏమవుతుంది? నాలుగు, ఈ నిబంధనను ఎవరు పెట్టారు, వాడేవారిని ఎవరైనా అడిగారా?

ఈ నాలుగింటికీ జవాబు చెప్పగలిగితే మీ హెల్మెట్ నిజంగా తెలివైనదే. రెండో ప్రశ్న దగ్గర ఆగిపోతే, ఇంజన్ ఆపే వైరు తీసేసి ఒక చిన్న హెచ్చరిక దీపం పెట్టండి. అది మార్కులు తగ్గించేది కాదు. ఎంత తెలుసో అంతే తీర్పు చెప్పడం మనుషులకే కాదు, యంత్రాలకూ మర్యాదే.