చుక్కలు తెచ్చుకున్నాం, మనుషుల్ని మరిచాం

ఏలూరులో నేను పనిచేసే చోట నిరుడు మార్చి 8న ఆడవాళ్ళం పన్నెండుమందిమి కలిసి మెట్ల పక్క గోడకి బొమ్మ వేశాం. ఆస్ట్రేలియా ఆదివాసుల చిత్రాల స్ఫూర్తితో కొల్లేరుని గీయాలన్నది ఆలోచన. ఆ ఆలోచన నాదే. కాబట్టి ఈ విమర్శ కూడా మొదట నా మీదే.

గోడంతా చుక్కలు. నీలంగా నీళ్ళు, తెల్లగా గూడబాతులు, పచ్చగా గుర్రపుడెక్క. చూసినవాళ్ళంతా మెచ్చుకున్నారు. మా దగ్గర ఊడ్చే ఆమె మాత్రం చాలాసేపు నిలబడి, "ఇందులో మా ఇళ్ళెక్కడున్నాయండీ?" అంది. ఆమెది కొల్లేటి లంక గ్రామం. మేం రంగులు పట్టుకున్న రోజున ఆమె చేతికి బకెట్టూ గుడ్డా ఇచ్చాం, కిందపడ్డ రంగు తుడవమని!

ఆ ప్రశ్న నన్ను న్గురారా కాన్వాసు దగ్గరకి తీసుకెళ్ళింది. 1997లో పశ్చిమ ఆస్ట్రేలియాలోని గ్రేట్ శాండీ ఎడారి ప్రజలు, నలభైమందికి పైగా స్త్రీపురుషులు, దాదాపు 10 మీటర్ల పొడవు, 8 మీటర్ల వెడల్పున్న గుడ్డమీద తమ నేలని చిత్రించారు. అది అలంకారం కాదు, సాక్ష్యం. భూమిహక్కుల ట్రిబ్యునల్ ముందు తమ తమ చోటు బొమ్మ మీద నిలబడి, తమ భాషలో, అది తమదెలాగో చెప్పారు. 2007లో వారి హక్కుకి కోర్టు గుర్తింపు వచ్చింది.

వాళ్ళు 'కంట్రీ' అనేదాన్ని 'దేశం' అంటే అర్థం జారిపోతుంది. 'ప్రకృతి' అంటే మరీ జారిపోతుంది. అందులో నీరు, పూర్వీకులు, కట్టుబాటు, బాధ్యత అన్నీ ఉన్నాయి. తాడేపల్లిగూడెం నుంచి రోజూ రైల్లో వచ్చివెళ్ళే నాకు కొల్లేరంటే ఆదివారం చూసొచ్చే చోటు. అందుకే మా కొల్లేట్లో పక్షులున్నాయి, మనుషుల్లేరు.

ఇది అమాయకమైన మరుపు కాదు. 1999లో +5 కాంటూరు వరకూ అభయారణ్యమని గీత గీశారు. 2006లో ఆ గీత లోపలి చేపల చెరువుల గట్లు కూల్చారు. చెరువులు సరస్సుని మింగేశాయన్నది నిజమే. కూల్చటం తప్పని నేననను. కానీ చెరువులవల్ల ఎవరు గడించారు, గట్లు తెగాక ఎవరి కూలి పోయింది అన్నది ఏ కాంటూరు పటంలోనూ కనపడదు. మా గోడమీదా కనపడలేదు.

కలిసి పనిచేయటం ఈ ప్రాంతపు ఆడవాళ్ళకి కొత్తా? నర్సాపురం లేసు మీద మరియా మీస్ పుస్తకం 1982లో వచ్చింది. ఒకామె పువ్వులల్లితే ఇంకొకామె అతికింది. లేసు విదేశాలకెళ్ళింది. అల్లినవాళ్ళు మాత్రం 'ఖాళీగా ఉన్న గృహిణులు'గానే మిగిలారు. 'కలిసి చేశాం' అనే మాట కింద ఎవరి శ్రమ మాయమవుతుందో అప్పుడే తెలిసింది మనకి. అయినా మా గోడ కింద పన్నెండు సంతకాలే ఉన్నాయి.

మొన్న ఆమెకి బ్రష్ ఇచ్చి, మీ ఇల్లు మీరే వేయండి అన్నాను. ఆమె నవ్వి, "ఆ పూట జీతం కొయ్యరు కదండీ?" అంది.

ముందు ఆ సంగతి తేల్చాలి. బొమ్మ తర్వాత.